ఇసుక గదికి సెండాఫ్

మా రైలుపేటలో మనిషిని ఉద్యోగం నుంచి సాగనంపడానికి ఒక పద్ధతి ఉండేది. ఆఖరి రోజు డ్యూటీ దిగగానే మెడలో దండ వేసేవారు. చేతికి ఒక గొడుగు, ఒక జిప్పు సంచి ఇచ్చేవారు. బ్యాండు ముందు నడిచేది, తోటివాళ్లు వెనక నడిచేవారు. అలా అతన్ని ఇంటి గుమ్మం దాకా తీసుకెళ్లేవారు. గుమ్మంలో భార్య హారతి పళ్లెంతో నిలబడి ఉండేది. వచ్చినవాళ్లలో పెద్దవాడు ముందుకు జరిగి, "అమ్మా, మీ మనిషిని క్షేమంగా తెచ్చి అప్పజెప్పినాం" అనేవాడు. ఆమె "తీసుకున్నాం" అనేది. స్టేషన్లో ఒక బాబు డ్యూటీ దిగిపోతూ ఇంకో బాబుకు ఛార్జి ఇచ్చినట్టే. ఆ రెండు మాటలూ అయ్యేదాకా బ్యాండు ఆగకూడదు, ఎవరూ కాఫీ ముట్టకూడదు. దీన్ని సెండాఫ్ అనేవాళ్లం. పెళ్లికి రానివాడు కూడా సెండాఫ్‌కు వచ్చేవాడు.

నాకు సెండాఫ్ జరగలేదు. రైల్వే బడిలో తెలుగూ లెక్కలూ చెప్పాను. నేను మే నెలలో పుట్టాను కాబట్టి రిటైరైంది కూడా మే నెలలోనే. అప్పుడు బడికి వేసవి సెలవులు. ప్యూను ఒక్కడు వచ్చి బీరువా తాళంచెవులు తీసుకుని, ఎండగా ఉందని మజ్జిగ అడిగి తాగి వెళ్లాడు. ఈ సంగతి ముందే చెప్పడానికి కారణం ఉంది. తరవాత ఒకామె దీన్ని నా ముఖాన కొట్టింది.

మా పేట మద్రాసుకు ఉత్తరాన, పెరంబూరు దాటాక, పట్టాల పక్కన ఉంటుంది. గూడూరు, నాయుడుపేట, రేణిగుంట వైపు నుంచి రైలు పనికి వచ్చినవాళ్లు కట్టుకున్న పేట. మా మామగారు వచ్చేసరికే ఇక్కడివాళ్ల తెలుగులో సగం అరవం చేరిపోయింది. వీధులు రెండు వరసలు. పెద్ద లైనులో డ్రైవర్లు, గార్డులు, గుమస్తాలు. సొసైటీ కట్టించి ఇంటి పట్టాలిచ్చిన పెంకుటిళ్లు, ముందు వరండాలు. చిన్న లైనులో ఖలాసీలు, బొగ్గు ఎత్తేవాళ్లు. ఒకటే గది ఉన్న రైల్వే క్వార్టర్లు, వీధికొక కొళాయి. పెద్ద లైనులో నీళ్లు రాని రోజున మా ఆడవాళ్లు చిన్న లైను కొళాయికి వెళ్లేవారు. అక్కడ కూడా మా బిందెలే ముందు. ఎవరూ రూలు పెట్టలేదు. చిన్న లైనువాళ్లు తమ బిందెలు తామే పక్కకు జరిపేవారు.

నాది పెద్ద లైనులో ఆఖరి ఇల్లు. మా ఆయన గూడ్సు గార్డుగా చేసి పోయారు. నా వరండాలో కూర్చుంటే ఎదురుగా చిన్న లైను మొదటి క్వార్టరు, దాని పక్కన షెడ్డు గేటు కనిపిస్తాయి.

షెడ్డంటే ఆవిరి ఇంజన్ల షెడ్డు. పేటకు గడియారం, వంటకు బొగ్గు, మగవాళ్లకు కూడు అన్నీ అదే. ఆవిరి ఇంజన్లు పోయాక తొంభైల మొదట్లో దాన్ని మూసేశారు. పట్టాలు పీకి పాత ఇనుము కింద అమ్మారు. కప్పు రేకులు ఎవరు పట్టుకుపోయారో ఎవరికీ తెలియదంటారు. మా వీధిలో మూడు కోళ్ల గూళ్లకు ఆ రేకులే ఉన్నాయి. నీళ్ల ట్యాంకు అడుగు తుప్పుపట్టి కారింది. బూడిద గుంటల్లో హోటళ్ల చెత్త లారీలతో తెచ్చి పోశారు. ఎన్నూరు వైపు నుంచి గాలి తిరిగినప్పుడు ఆ కంపు ఇళ్లలోకి వచ్చేది. చిన్న లైనులో సగం క్వార్టర్లు ఖాళీ అయ్యాయి.

అంత పెద్ద షెడ్డులో పొయ్యి ఆరనిది ఒక్క ఇసుక గదిలోనే.

రైలు చక్రం జారితే పట్టా మీద ఇసుక పోస్తారు. ఆ ఇసుక పొడిగా ఉండాలి. అందుకని షెడ్డులో ఒక గది, గదిలో పెద్ద పొయ్యి, దాని మీద ఇనప పళ్లెం. ఏటి ఇసుక తెచ్చి వేయించి, జల్లించి, ఇంజను పెట్టెల్లో నింపాలి. ఆ పని ఒక ఆడమనిషి చేసేది. పేటంతా ఆమెను ఇసకామె అనేవారు. మొగుడు బొగ్గు ఎత్తే ఖలాసీ, రిటైరు కాకముందే దగ్గుతో పోయాడు. పిల్లలు లేరు. అప్పటి షెడ్డు పెద్ద జాలిపడి ఆమెను రోజుకూలీ కింద ఇసుక గదిలో పెట్టాడు. క్వార్టరు ఖాళీ చెయ్యమన్నప్పుడు సామాను ఆ గదిలోకే తెచ్చుకుంది. తరవాత ముగ్గురు పెద్దలు మారారు. ఒక్కరూ ఆమె పేరు ఉద్యోగుల మస్టర్లో ఎక్కించలేదు, ఒక్కరూ వెళ్లమనలేదు.

షెడ్డు మూసిన మర్నాడు కూడా ఆమె పొయ్యి వెలిగించింది. ఇసుక వేయించడానికి ఇంజన్లు లేవు, అదే ఇసుకలో వేరుశెనక్కాయలు వేయించింది. సాయంత్రమయ్యేసరికి రిటైరైన మగవాళ్లంతా ఆమె ఇసుక కుప్ప మీద చేరేవారు. పొట్లం పుచ్చుకుని, గుల్లలు ఆ కుప్ప మీదే ఒలిచి పోసి, ఎవరి ఇంజను ఏ వంతెన మీద ఆగిపోయిందో చెప్పుకునేవారు. వాళ్లు లేచి వెళ్లాక ఆమె గుల్లలు ఊడ్చేది.

మద్రాసు పేరు చెన్నై అయిన ఏడు, షెడ్డు స్థలాన్ని ప్రైవేటు గోదాములకు లీజుకిస్తారని తెలిసింది. అప్పుడు పేటలో కమిటీ వెలిసింది. అధ్యక్షుడు రిటైరైన మెయిలు డ్రైవరు. పొడుగాటి మనిషి, గొంతు కూడా పొడుగే. ఇంట్లో మంచినీళ్లు అడిగితే మా వరండాలోకి వినిపించేది. కార్యదర్శి ఒక గుమస్తా కొడుకు, బ్యాంకులో పనిచేసేవాడు. పేట చరిత్రా, తేదీలూ నాకు తెలుసని నన్ను కూడా వేసుకున్నారు.

కమిటీ పనిచేసింది. ఆ మాట కాదనను. ప్రతి ఆదివారం పేటంతా దిగింది. చెత్త ఎత్తారు, బూడిద గుంటలు పూడ్చారు, ట్యాంకుకు అడుగు వేయించారు, కానుగ మొక్కలు నాటారు. మగవాళ్లు నిలబడి ఎక్కడ తవ్వాలో చూపించారు. తట్టలు మోసింది చిన్న లైను ఆడవాళ్లు. అందరికన్నా ఎక్కువ మోసింది ఇసకామె. అక్కడ పార్కు వస్తే, జనం వస్తే, శెనక్కాయలు అమ్ముకోవచ్చని ఆమె లెక్క. "మీరు కానీండి సారూ, నా పొయ్యి పక్కన ఒక బెంచీ ఏపీండి సాలు," అనేది. డ్రైవరు "ఒకటేంది, రెండు ఏపిస్తా" అనేవాడు.

ఆ స్థలాన్ని పేట వాడుకుంటూనే ఉందని, షెడ్డు మూసినా ఒక్కరోజు కూడా పాడుపడలేదని రైల్వేకు చూపించాలి. లేకపోతే లీజు ఆగదు. చూపించడానికి ఏముంది? కప్పు లేదు, పట్టాలు లేవు. ఉన్నది ఇసకామె పొయ్యి. అర్జీ నేనే రాశాను. ఆమె ఏ పెద్ద కాలంలో చేరిందో, ఎవరెవరి కింద పనిచేసిందో, షెడ్డు మూశాక కూడా పేటవాళ్లు రోజూ అక్కడ ఎలా కూడుతున్నారో వరసగా రాశాను.

ఆఫీసరు తనిఖీకి వచ్చిన రోజున డ్రైవరు ఆమెను చెయ్యి పట్టి ముందుకు తెచ్చాడు. "ఈమే సార్ మా షెడ్డు. ఈమె ఉండబట్టే ఈ నేల ఉండాది," అన్నాడు. ఆఫీసరు నవ్వి పొట్లం అడిగాడు. ఇసకామె వేడి ఇసుకలోంచి కాయలు జల్లించి, ఊది, పొట్లం కట్టి ఇచ్చింది. ఆయన జీపు ఎక్కేలోపు సగం తినేశాడు. తరవాత నెలలోనే ఉత్తర్వు వచ్చింది. స్థలం గోదాములకు పోలేదు. పార్కుకూ పఠన మందిరానికీ కమిటీ చేతికి ఇచ్చారు. చుట్టూ కంచె వెయ్యాలి. లోపల ఎవరూ కాపురం ఉండకూడదు, ఏదీ అమ్మకూడదు.

ఆ ఉత్తర్వు కార్యదర్శి చదివి వినిపించినప్పుడు అందరూ చప్పట్లు కొట్టారు. ఆఖరి వాక్యం దగ్గర చప్పట్లు తగ్గలేదు. నేను అడిగాను, మరి ఆమె సంగతేమిటని. అందరూ నా వైపు ఇంట్లో ఎలుక దూరిందని చెప్పినదాన్ని చూసినట్టు చూశారు. ఆమెకు ఊళ్లో ఎవరో ఉన్నారు కదా అన్నారు ఒకరు. అక్క ఉండేదట, పోయిందని ఇంకొకరు. చిన్న లైను మొదటి క్వార్టరు ఖాళీగానే ఉంది, దాన్ని అడిగి ఇప్పిద్దామన్నాను. దానికి రైల్వే ఒప్పుకుందనీ, కానీ అది కమిటీ ఆఫీసుకనీ, సున్నం కూడా వేయించేశామనీ కార్యదర్శి చెప్పాడు.

పోలీసును పిలిచి ఖాళీ చేయించాల్సి వస్తుందేమోనని ఎవరో అనగానే డ్రైవరుకు కోపం వచ్చింది. "మనం రైలోళ్లం. మనిషిని గెంటం," అన్నాడు. "సెండాఫ్ ఇస్తాం."

గదిలో గాలి తేలికైంది. అందరి ముఖాలూ విప్పారాయి. ఇంత మంచి ఆలోచన ముందే ఎందుకు రాలేదా అన్నట్టు తలలూపారు. ఆమె ఎప్పుడూ ఉద్యోగంలో లేదని, లేని ఉద్యోగానికి సెండాఫ్ ఎలా ఇస్తారని అడిగాను. డ్రైవరు నవ్వాడు. "టీచరమ్మా, నీది సున్నా మార్కులేసే చెయ్యి. దండ ఏస్తే నీదేం పోద్ది?" అన్నాడు. వెంటనే పనులు పంచుకున్నారు. దండ ఒకరికి, గొడుగూ సంచీ ఒకరికి, బ్యాండు ఒకరికి, మిఠాయి ఒకరికి. డ్రైవర్ల సెండాఫ్‌లో పట్టాల మీద డిటనేటర్లు, అంటే చక్రం కింద పేలే మందుబిళ్లలు, పేల్చే ఆచారం ఉండేది. పట్టాలు లేవు కనుక టపాకాయల సరం అనుకున్నారు. చీర డ్రైవరు భార్య కొంటానంది. ఏ ఊరేగింపుకైనా పేటలో అవే పనులు, అవే చేతులు. ఇల్లు అనే పని ఎవరికీ పడలేదు. ఇన్నేళ్లలో ఎప్పుడూ పడలేదు, ఎందుకంటే ఇల్లు రిటైరయ్యేవాడి బాధ్యత.

మర్నాటికి పేటంతా పాకింది. నేను ఇసుక గదికి వెళ్లాను.

ఆమె జల్లెడ పట్టుకుని కూర్చుని ఉంది. ముఖం కడిగి, బొట్టు పెట్టుకుని, పండగనాటిలా ఉంది. నన్ను చూసి లేవలేదు. అంతకుముందు ఎప్పుడూ లేచేది.

"ఏంది టీచరమ్మా, ఈ దుమ్ములోకి వచ్చినావు. నాకు సెండాఫ్ ఇస్తా ఉండారంట, ఇన్నావా?"

విన్నానని చెప్పాను. కూర్చోమంటే కూర్చోలేదు. నాకు నాన్చడం రాదు. నీకు పెన్షను రాదు, కాగితం రాదు, నీ పేరు మస్టర్లో లేదు, ఇది గది ఖాళీ చేయించడం, అంతకు మించి ఏమీ లేదు, దండ వేయించుకోవద్దు అన్నాను. దండ వేయించుకుంటే నీ అంతట నువ్వే వెళ్లినట్టు అవుతుంది, వేయించుకోకుండా ఇక్కడే కూర్చుంటే వాళ్లు ఏదో ఒక దారి చూపించక తప్పదు అన్నాను.

ఆమె జల్లెడ ఆపింది. కాసేపు ఇసుకను వేళ్లతో తీసి చూసింది.

"ఈ షెడ్డులో ఎన్ని సెండాఫులు చూసినా నేను. దండ పడినోడికి పింఛను కాయితం రాకుండా ఉండిందా, సెప్పు."

"వాళ్లు ఉద్యోగస్తులు."

"నేను పన్జెయ్యలా?"

"చేశావు. మస్టరు రోలు మీద లేవు."

"ఆపీసరు ముందర డ్రైవరు సారు ఏమన్న్యాడు? ఈమే మా షెడ్డు అన్న్యాడు. నువ్వే రాసినావంటనే, ఏ పెద్ద కింద ఎన్నేళ్లు చేసినానో. అది రాసినాక రోలు మీద లేనని ఎట్ట అంటావు?"

అర్జీ వేరు, మస్టరు వేరు అన్నాను. అర్జీ స్థలం కోసం రాసింది, నీ కోసం కాదు అన్నాను. అంతకన్నా మెత్తగా చెప్పి ఉంటే వినేదా అని కొందరు తరవాత అడిగారు. మెత్తగా చెప్పేవాళ్లు ఆమెకు కావలసినంత మంది ఉన్నారు, వాళ్లు చెప్పిందే ఆమె వింది.

ఆమె లేచి చీర దులుపుకుంది. "నీకు ఎవురూ దండ ఎయ్యలా," అంది. "మే నెలలో తాళంచెవులు ఇచ్చి ఇంటికి పోయినావు. అందుకని నాకు ఏస్తా ఉంటే నీ కడుపు మండతా ఉండాది. సరి, పో టీచరమ్మా. పొయ్యి మింద ఇసక మాడతాది."

నేను వచ్చేశాను. ఆ సాయంత్రం ఆమె ఇసుక కుప్ప మీద మగవాళ్లకు ఈ మాట చెప్పి నవ్వించిందని తెలిసింది. నన్ను చూసి నవ్వినందుకు వాళ్లకు ఆ రోజు రెండేసి కాయలు ఎక్కువ పోసిందట.

ఆమె డ్రైవరును ఒకటే అడిగిందని ఆయన భార్యే తరవాత నాకు చెప్పింది. ఏ ఇంటికి తీసుకుపోతారు సారూ అని అడిగిందట. ఆయన "అన్నీ చూస్తా ఉండాంలే" అన్నాడట. అబద్ధం చెప్పాలని కాదు, అప్పుడు ఆయన గడ్డం గీసుకుంటున్నాడట.

సెండాఫ్ ఆదివారం ఉదయం పెట్టారు. అదే రోజు పార్కు ప్రారంభం. కంచె వేశారు, గేటుకు నీలం రంగు కొట్టారు, బెంచీలు వచ్చాయి. గేటు పక్కన పేట చరిత్ర అని ఒక బోర్డు పెట్టారు. రాసింది నేనే. ఏ ఏడు షెడ్డు కట్టారు, ఏ ఏడు ట్యాంకు వచ్చింది, ఎప్పుడు మూశారు అన్నీ ఉన్నాయి. ఇసకామె గురించి నేను రాసిన వాక్యం మాత్రం లేదు. జాగా చాల్లేదని పెయింటరు అన్నాడట. ఆ వాక్యం ఉండాల్సిన చోట గులాబీ పువ్వు వేశాడు.

ఆమె మెరూన్ చీర కట్టుకుని వచ్చింది. దండ బరువుకు మెడ కొంచెం వంగింది. గొడుగు ఒక చేత్తో, సంచి ఒక చేత్తో పట్టుకుని వేదిక మీద నిలబడింది. డ్రైవరు ఉపన్యాసంలో ఆమెను షెడ్డుకు తల్లి అన్నాడు. కార్యదర్శి అన్నిటికన్నా సీనియరు స్టాఫ్ అన్నాడు. నా పక్కన కూర్చున్న ఆడవాళ్లు ముక్కు చీదారు. పొద్దున ఇసుక గదిలో సామాను బయటపెట్టి, తలుపుకు కమిటీ తాళం వేసింది వీళ్ల మొగుళ్లే. సామాను అంటే ఒక రేకు పెట్టె, మూకుడు, జల్లెడ, ఒక సంచి వేయించిన ఇసుక. పెట్టెను ఒక కుర్రాడి తలకెత్తారు. తక్కినవి గోడ పక్కన ఉండిపోయాయి.

టపాకాయలు పేల్చారు. బ్యాండు కదిలింది. నేను అందరికన్నా ముందు బయటపడి నా వరండా ఎక్కాను. గేటు దాటి వీధిలోకి వచ్చాక బ్యాండు మేస్త్రీ వెనక్కి తిరిగి అరవంలో ఇల్లెక్కడ అని అడిగాడు.

"వీడు ఎంగే, సార్?"

డ్రైవరు కార్యదర్శిని చూశాడు. కార్యదర్శి బ్యాండు పురమాయించినతన్ని చూశాడు. అతను మిఠాయి తెచ్చినతన్ని చూశాడు. నా వరండాలోంచి నాకు ఆ ముఖాలన్నీ కనిపించాయి. ఒక్కొక్కరూ ఇంకొకరు చూసుకుని ఉంటారనుకున్నారు. వాయించడం ఆపకూడదు కనుక మేస్త్రీ వాయిస్తూనే నిలబడ్డాడు.

ఇసకామె ఆగలేదు. బ్యాండును దాటుకుని ముందుకు నడిచింది. నేరుగా చిన్న లైను మొదటి క్వార్టరు ముందుకు వెళ్లి, సున్నం వేసిన గోడనూ, కొత్తగా రంగు కొట్టిన తలుపునూ తన కోసమే అన్నట్టు చూసి, గుమ్మానికి వీపు పెట్టి జనం వైపు తిరిగి నిలబడింది. దండ సరిచేసుకుంది. గొడుగు కాళ్ల దగ్గర నిలబెట్టింది. ఎన్నో సెండాఫుల్లో రిటైరైనవాళ్లు ఎలా నిలబడ్డారో అచ్చం అలాగే. తరవాత తలుపు వైపు చూసింది, తాళం ఉంది.

"తాళం తియ్యండి సారూ," అంది.

ఎవరో నవ్వారు. చిన్న లైను వైపు నుంచే వచ్చింది ఆ నవ్వు. అది కమిటీ ఆఫీసని కార్యదర్శి దగ్గరికి వెళ్లి మెల్లగా చెప్పాడు. ఆమెకు వినిపించలేదో అర్థం కాలేదో, హారతి పళ్లెం ఎవరు తెస్తారని అడిగింది. ఈసారి ఇంకొందరు నవ్వారు. డ్రైవరు భార్య ఎండ ఎక్కుతోందని, కాఫీ చల్లారిపోతోందని పక్కనున్నామెతో అంది. మాధవరం పాలు రెండు క్యానులు తెప్పించి కాచి పెట్టారు. అప్పజెప్పడం కానిదే ఎవరూ తాగకూడదు.

డ్రైవరు అటూ ఇటూ చూశాడు. ఆయన కళ్లు నా మీద ఆగాయి. నేను ఆయనను చాలా ఏళ్లుగా ఎరుగుదును. ఎర్ర సిగ్నలు పడితే పక్క లైను ఖాళీగా ఉందా అని చూసే మనిషి. ఇసకామె మోచెయ్యి పట్టుకుని వీధి దాటించి నా వరండా మెట్ల ముందుకు తెచ్చాడు. వెనకే బ్యాండు వచ్చింది, బ్యాండు వెనక పేట వచ్చింది. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"టీచరమ్మా, మీ మనిషిని క్షేమంగా తెచ్చి అప్పజెప్పినాం."

అందరూ చప్పట్లు కొట్టారు. నేను "తీసుకున్నాం" అనలేదు. ఆ మాట నాకు గుర్తుంది, వాళ్లకూ గుర్తుండాలి. కానీ బ్యాండు అప్పటికే ఆఖరి పాట ఎత్తుకుంది, ఆ చప్పుడులో అన్నానో లేదో ఎవరికీ పట్టలేదు. పెట్టె మోసిన కుర్రాడు దాన్ని నా మెట్టు మీద దించి పరుగెత్తాడు. రెండు నిమిషాల్లో వీధి ఖాళీ అయింది. పార్కులోంచి కాఫీ గ్లాసుల చప్పుడు వినిపించింది. ఇసకామెకూ నాకూ కాఫీ పంపాలని ఎవరికీ తోచలేదు.

ఆమె మెట్టు మీద కూర్చుంది. చాలాసేపు దండ తియ్యలేదు. "నువ్వు నోరు పెట్టినావు," అంది చివరికి. "ఆ పొద్దు వచ్చి నోరు పెట్టినావు. లేకుంటే ఆ తలుపు తెరిచేవాళ్లే."

లోపలికి రమ్మన్నాను. రానంది. అన్నం పెడితే వద్దంది. సాయంత్రం వెళ్లి గోడ పక్కన ఉన్న మూకుడూ, జల్లెడా, ఇసుక సంచీ మోసుకొచ్చుకుంది. నా వరండా చివర మూడు ఇటుకలు పెట్టి పొయ్యి చేసింది. నేను వద్దనలేదు. పొగకు గోడ నల్లబడుతుందని మాత్రం చెప్పాను. నల్లబడింది.

అలా ఆమె నా వరండాలో ఉండిపోయింది. మా మధ్య పెద్దగా మాటల్లేవు. మధ్యాహ్నం పోస్ట్‌మ్యాన్ వచ్చే వేళకు పొయ్యి దగ్గర్నుంచి లేచి మెట్టు మీదికి వచ్చేది. నా ఉత్తరాలో, పెన్షను మనియార్డరో నాకిచ్చి అతను సైకిలెక్కేదాకా నిలబడేది. తనకేమైనా ఉందా అని ఒక్కసారీ అడగలేదు. అతను ఇవ్వకుండా దాచేస్తాడేమోనన్నట్టు అతని సంచి వైపు చూసేది, అంతే. సాయంత్రాలు పార్కు గేటు బయట గోనె పరిచి పొట్లాలు అమ్మేది. లోపల బెంచీల మీద పాత మగవాళ్లు కూర్చునేవారు. ఆమె ఇసుక కుప్ప ఉన్నచోట ఇప్పుడు గడ్డి. గుల్లలు పడతాయని, పార్కు పాడవుతుందని వాళ్లు ఆమె దగ్గర కొనడం మానేశారు. ఒకప్పుడు ఆ గుల్లలు ఊడ్చింది ఎవరో వాళ్లకు గుర్తుంటే ఉండవచ్చు. గేటు దగ్గర కూర్చోవద్దని కాపలావాడితో ఒకసారి చెప్పించారు కూడా. ఆమె రెండు గజాలు జరిగింది.

మరుసటి ఏడు అదే ఆఫీసరు పార్కు చూడటానికి వచ్చాడు. కానుగ మొక్కలు అప్పటికి మనిషెత్తు అయ్యాయి. బోర్డు దగ్గర నిలబడి చరిత్రంతా చదివాడు. నేను వరసలో ఆఖరున నిలబడి ఉన్నాను. ఆయన గులాబీ పువ్వు దగ్గర ఆగి, ఇక్కడ శెనక్కాయలు వేయించే ముసలామె ఒకతె ఉండేది, ఎక్కడ అని అడిగాడు. మంచి మనిషే, గుర్తుపెట్టుకున్నాడు.

ఆమె కంచెకు అవతల, గోనె మీద ఉంది. కంచె ఊచల మధ్య నుంచి మెరూన్ చీర కనిపిస్తూనే ఉంది. డ్రైవరు అటు వైపు తిరగకుండా, ఎప్పటి పొడుగాటి గొంతుతోనే జవాబు చెప్పాడు.

"రిటైరైంది సార్. ఘనంగా సెండాఫ్ ఇచ్చినాం. ఇప్పుడు హాయిగా ఉండాది."

ఆఫీసరు చాలా సంతోషమన్నాడు. ఆయనను పఠన మందిరం వైపు తీసుకెళ్లారు.

ఆ సాయంత్రం నేను ఇంటికి వచ్చేసరికి ఆమె పొయ్యి వెలిగించలేదు. పొద్దుటి పొట్లాలు బుట్టలో అలాగే ఉన్నాయి. నా కోసమే చూస్తున్నట్టుంది. ఏడాది తరవాత మొదటిసారి ఆమె ముఖంలో నా మీద కోపం లేదు. పొట్లం ఒకటి తీసి నా చేతిలో పెట్టింది.

"ఇన్నావా టీచరమ్మా? రిటైరైనానని ఆపీసరుతోనే సెప్పినాడు. నలుగురి ముందర సెప్పినాడు. ఇంక ఆపీసులో ఎక్కిస్తారు. కాయితం వస్తాది."

రాదని చెప్పాను. మొదటిసారి చెప్పినంత స్పష్టంగానే చెప్పాను.

ఆమె నా చేతిలోని పొట్లం వెనక్కి తీసుకుంది. విప్పి, కాయలు తిరిగి బుట్టలో పోసుకుని, కాగితం మడిచి దాచింది. తరవాత మూడు ఇటుకలనూ ఒక్కొక్కటిగా ఎత్తి, వరండాలో నాకు వీలైనంత దూరంగా, గుమ్మానికి అటు చివరికి మార్చుకుంది. అక్కడినుంచైతే పోస్ట్‌మ్యాన్ వీధి మలుపు తిరగడం ముందే కనిపిస్తుంది.